జెర మెల్లగ కొట్టున్రి తమ్మీ: శామీర్‌పేట దిక్కు ఒక డప్పు బృందాన్ని విన్నాక

కవిత్వ సంకలనం వచ్చిన నెల తిరక్కముందే మన పత్రికల్లో నాలుగు పేజీల విమర్శ వస్తుంది. ఈ ప్రతీక కుదిరింది, ఆ పదచిత్రం కుదర్లేదు అని వాదులాడుకుంటాం. డప్పు మీద మాత్రం ఇప్పటిదాకా రెండే రకాల రాతలు చూశాం. ఒకటి "అంతరించిపోతున్న జానపద కళ" అని కన్నీళ్లు పెట్టుకునేది. రెండోది "ఆత్మగౌరవ ప్రతీక" అని దండం పెట్టేది. ఎవరు కొట్టిన్రు, ఎట్ల కొట్టిన్రు, యాడ దరువు జారింది, పాటలో ఏ చరణం నిలబడ్డది, ఏది కూలింది అన్న ముచ్చట రెండిట్లోనూ ఉండదు. కవికి ఇచ్చే విమర్శను డప్పు కళాకారునికి ఇవ్వకపోవడంలో ఒక చిన్నచూపు దాగి ఉంది. వానికి చెయ్యి ఉంటే చాలు, బుద్ధితో పనేముంది అనే పాత బ్రాహ్మణీయ లెక్కే అది.

మేం విన్న బృందం శామీర్‌పేట చెరువు అవతల, రాజీవ్ రహదారి దిగి లోపలికి పోయే ఒక ఊరి మాదిగవాడ పిల్లలది. ఎనిమిది మంది. ఇద్దరు డిగ్రీ చదువుతున్నరు, ముగ్గురు తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీల్లో కాంట్రాక్టు పనికి పోతరు, ఒకడు ఆటో నడుపుతడు, మిగిలినోళ్లు ఏ పని దొరికితే ఆ పని. వాళ్లను రెండుసార్లు విన్నాం. ఒకసారి మేడ్చల్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు ముందర పెండ్లి బారాత్‌లో. ఇంకోసారి వాళ్ల వాడలోనే, 2025 ఏప్రిల్ 14 రాత్రి. బృందం పేరు రాయడం లేదు. రాయొద్దని వాళ్లే అన్నరు. "అన్నా, జయంతి పాట మా పేరుతోని అచ్చయితే పెండ్లి బేరాలు పోతయి. బారాత్ పెట్టేటోళ్లు ఎవరో మీకెరికే గద" అన్నడు వాళ్లలో పెద్దోడు. మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాటకు వచ్చి తగులుతాయి కాబట్టి దీన్ని ముందే చెప్పేస్తున్నాం.

వాళ్ల విజిటింగ్ కార్డు మీద "డప్పు" అనే మాట లేదు. "బ్యాండ్" అని ఉంది, పక్కన కీబోర్డు బొమ్మ. మాలో ఒకరికి కోపమొచ్చింది. దండోరా పుట్టి ముప్పయ్యేండ్లు దాటినంక కూడా ఆ పేరు దాచుకోవాల్నా అని. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తన పేరునే డప్పు చప్పుడు నుంచి తీసుకున్నది, కులం పేరును ఇంటిపేరు చేసుకున్నది. నిజమే. కాని కార్డు చూసి ఫోను చేసేటోడు ఉద్యమం నుంచి రాడు. "డప్పోళ్లు" అనంగనే రేటు సగానికి పడుతది, "బ్యాండు" అంటే అడ్వాన్సు ఇస్తరు. మాట మారితే కూలి మారే చోట మాట మార్చుకున్న పిల్లల్ని తప్పుబట్టడానికి, నెల జీతం తీసుకునే మాకు నోరెట్ల వస్తుంది? కార్డు ముచ్చట అక్కడితో వదిలేశాం.

ఇక కొట్టుడు సంగతి. డప్పు తెలియని విద్యార్థుల కోసం నాలుగు మాటలు. కట్టె చట్రం మీద మేకతోలు బిగిస్తరు, అతకడానికి చింతగింజల పిండి ఉడకబెట్టి రాస్తరు. కుడిచేతిల పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిల సన్నగా పొడుగ్గా ఉండే సిటికెనపుల్ల. సిర్ర అడుగు దెబ్బ వేస్తది, పుల్ల దానికి జవాబు చెప్తది. కొట్టేముందు మంటకాడ కాపాలె, తోలు బిగుసుకుంటే గాని గొంతు లేవదు. ఈ బృందంలో ఆరు డప్పులుంటే అయిదు ఫైబర్‌వి. పెద్దలు దీన్ని చూసి ముక్కు విరుస్తరు. మేం విరవం. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో గణపతి నిమజ్జనం, రెండూ వానల్లోనే. తడిసిన తోలు మెత్తబడితే నడిరోడ్డు మీద మంట యాడ పెట్టాలె? పొట్టకూటికి ఫైబరే దిక్కు. అయితే ఫైబర్‌కు ఉన్నది ఒక్కటే గొంతు, పై గొంతు. తోలుకు అడుగున ఇంకో గొంతుంటది. బారాత్‌లో డీజే పెట్టె పక్కన అది ఎట్లాగూ వినబడదు. ఏప్రిల్ 14 రాత్రి వాడలో మాత్రం వినబడాలె. ఆరింటిలో ఒక్కటే తోలుది కావడం ఆ రాత్రి కొరతగానే అనిపించింది.

దానికంటే పెద్ద లోపం వేగం. బారాత్‌లో గంటన్నర కొట్టిన్రు, గంటన్నరా తీన్మారే. తీన్మార్ మన హైదరాబాదు సొత్తు, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. నిజాముల కొలువులో ఉన్న హబ్షీ, అరబ్బు సిపాయిల వెంట మర్ఫా ఈ పట్నానికి వచ్చింది. బస్తీల్లో దానికీ డప్పుకూ దోస్తాన కుదిరింది. రెండు కష్టజీవుల చప్పుళ్లు కలిసిన చోటు అది. ఆడేటోళ్ల కాళ్లను పట్టుకునే శక్తి ఈ పిల్లల చేతుల్లో ఉంది, అనుమానం లేదు. ఎనిమిది మంది ఒక్కసారి ఆగి ఒక్కసారి లేస్తుంటే ఫంక్షన్ హాలు వాచ్‌మన్ కూడా కుర్చీల నుంచి లేచిండు. కాని జయంతి రాత్రి కూడా నాలుగింట మూడు పాటలు అదే ఉరుకుల మీద కొట్టిన్రు. పాడే పిల్లగాని మాట దెబ్బల కింద నలిగిపోయింది. మొదటి వరుసలో కూసున్న మాకే సగం చరణాలు అందలే. బారాత్‌కు మాటతో పనిలేదు. సభకు మాటే ప్రాణం. పాట వచ్చినప్పుడు అయిదు డప్పులు ఆగి, ఒక్క సిటికెనపుల్ల నడిస్తే సాలు. జెర మెల్లగ కొట్టున్రి తమ్మీ, మీరు ఏమంటున్నరో విందామని వచ్చినం.

మెల్లగ కొట్టడం వాళ్లకు రాదా అంటే, వచ్చు. రుజువు కూడా ఆ రాత్రే దొరికింది. సభ మొదట్లో ఆ ఒక్క తోలు డప్పుతో పెద్దోడు సావు దరువు ఎత్తుకున్నడు. ఒక్కొక్క దెబ్బ విడివిడిగా, నడుమ ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. వాడలో ఒక పెద్దయ్య లేచి "జయంతి నాడు సావు డప్పేందిరా" అని గద్దించిండు. పిల్లగాడు ఆపలే. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క పేరు చెప్పుకుంటపోయిండు. కారంచేడు, 1985. చుండూరు, 1991. అటెన్క ఇంకొన్ని. కూసున్న పెద్దయ్య మళ్ల లేవలే.

సావు డప్పు గురించి మాలోనే రెండు పక్షాలున్నాయి. ఊరి పెద్దల సావులకు వెట్టిగా కొట్టిన చప్పుడది, దాన్ని పారేయడమే విముక్తి అని ఒక పక్షం. కారంచేడు తర్వాత ఎన్నో ఊళ్లలో "సావుకు డప్పు కొట్టం" అని మాదిగలు తిరగబడ్డది ఆ ఎరుకతోనే. కూలి ఖరారు చేసుకుని, ఇష్టమైతేనే కొట్టే పని వెట్టి కాదు, అది కొలువు అని రెండో పక్షం. ఈ పిల్లలు మూడో దారి చూపెట్టిన్రు. తాతలు పరాయోళ్ల శవాల ముందు నడుచుకుంట కొట్టిన దరువును తీసుకొచ్చి మన సచ్చినోళ్ల కోసం కొట్టిన్రు. మేం చదివిన సిద్ధాంతాల్లో ఈ ఆలోచన ఎదురుపడలే. ఈ బృందం మీద నాలుగు మాటలు రాయాలని మాకు అనిపించింది ఆ అయిదారు నిమిషాల వల్లనే.

అందుకే, ఆ తర్వాత వచ్చిన పాటలో ఒక పంక్తి మమ్మల్ని గట్టిగా బాధపెట్టింది. వర్గీకరణ గెలిచిన సంబురం పాట అది. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఉపవర్గీకరణ చేయొచ్చని తీర్పు చెప్పింది. తెలంగాణ చట్టం సరిగ్గా ఆ జయంతి నాడే అమల్లోకి వచ్చింది. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. ముప్పయ్యేండ్ల కొట్లాట గెలిస్తే సంబురపడొద్దని ఎవరంటరు? పాట హుషారుగా ఉంది, బాణీ సొంతం. కాని రెండో చరణంలో పక్క వాడ మాలల్ని ఎత్తిపొడిచే ముక్క ఒకటి పడ్డది, దానికే ఈలలు ఎక్కువ పడ్డయి. తమ్ముళ్లారా, గంట కింద మీరే చుండూరు పేరు చెప్పి సావు దెబ్బ కొట్టిన్రు. అక్కడ సచ్చిపోయిన ఎనిమిది మందీ మాలలు. కారంచేడులో సచ్చిపోయిన ఆరుగురూ మాదిగలు. ఆ దెబ్బ రెండు వాడలకూ కలిపి కొట్టినప్పుడు, ఈ పంక్తిని ఏ నోటితో పాడతరు? వాటా అడగడం న్యాయం. పాలు పంచుకునేటప్పుడు అన్నదమ్ముల నడుమ మాట పెరగడమూ సహజమే. అయినా ఈలల కోసం కట్టిన పంక్తి అది, అది తీసేస్తే పాటకు పోయేదేం లేదు. ఈ మాట వాళ్లకు ముఖం మీదే చెప్పినం. ఇద్దరు ఒప్పుకున్నరు, ఇద్దరు ఒప్పుకోలే, మిగిలినోళ్లు సెల్లు చూసుకున్నరు.

మిగతా పాటల్లో మాటలు అరువువి. సినిమా బాణీకి అంబేద్కర్ పేరు అతికించినవి రెండు. వాటిల్ల బాబాసాహెబ్ దేవుడైపోయిండు, పూలు, దీపాలు, పాదాలు. మనిషిని మొక్కితే వాని మాట చదవక్కర్లేదు గదా, అదే సౌకర్యం. మేం వెతికింది శామీర్‌పేట కోసం, మేడ్చల్ కోసం. ఒక్క చరణంలో కూడా దొరకలే. వాళ్ల తాతలకు సర్కారు ఇచ్చిన లావణి పట్టా భూముల మాట లేదు. అసైన్డు భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్తున్నా అవి ఎట్ల చేతులు మారినయో ఆ వాడలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు దిగంగనే లేచిన గోడలు, ఆ గోడల లోపల ఫాంహౌసులు, వాటిల్ల తోటపనికి పోయే తల్లులు, పాత పొలం గెట్టు మీదనే ఇప్పుడు గేటుకాడ సెల్యూట్ కొట్టే తండ్రులు. కంపెనీ బస్సెక్కే ముందు గుర్తింపు కార్డు మెడకేసుకునే తమ గురించి కూడా ఈ పిల్లలు ఒక్క ముక్క పాడలే. "ఇవన్ని పాటలెట్ల అయితయి అక్కా, ఇవి మా ఇంటి ముచ్చట్లు" అన్నడు పాడే పిల్లగాడు. ఇంటి ముచ్చట్లే పాటలైతాయని వానికి ఎవరూ చెప్పలేదు, మనమూ చెప్పలేదు.

నిజానికి వాళ్లు నిలబడ్డ నేలకు పాట కొత్త గాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లోనే హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మాట ప్రచారం చేసిండు. నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్ దాటితే తూప్రాన్, గద్దర్ ఊరు. కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేటకు ముందే అల్వాల్. ఆయన కాపురమున్నదీ, 1997 ఏప్రిల్ 6న తూటాలు తిన్నదీ, 2023 ఆగస్టులో తాను పెట్టిన బడి ఆవరణలోనే మట్టిలో కలిసిందీ అక్కడే. ఈ రెండు రోడ్ల నడుమ పుట్టిన పిల్లలు వీళ్లు. జన నాట్యమండలి డప్పును సభా వేదిక ఎక్కించింది, ఆ రుణం చిన్నది కాదు. డప్పు కొట్టేవాని కులం గురించి మాత్రం చాలాకాలం వేదిక మీద మాట్లాడనియ్యలే. 1995లో వచ్చిన "చిక్కనవుతున్న పాట" నాటికి దళిత కవులు ఆ లెక్క తేల్చుకున్నరు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వచ్చింది, పాట గెలిచింది. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథిలో కొందరు కళాకారులకు సర్కారు కొలువులొచ్చినయి. కడుపు నిండడం మంచిదే. కాని సర్కారు పథకాల మీద పాట కట్టేటోడు లావణి పట్టా మీద కట్టగలడా? ఈ బృందానికి రేపు అలాంటి పిలుపొస్తే ఏం చేస్తరని అడిగినం. "ఎల్లిపోతం" అన్నరు, నవ్వుకుంట. అబద్ధం చెప్పనందుకు సంతోషించినం.

బయటి ఉదాహరణ ఒకటి చెప్పాలె. 2018 జనవరిలో చెన్నైలో "క్యాస్ట్‌లెస్ కలెక్టివ్" మొదటిసారి వేదిక ఎక్కింది. పరై డప్పునూ, పేటల్లో సావు ఇండ్లకాడ పాడే గానా పాటనూ గిటారు పక్కన నిలబెట్టిన్రు, రిజర్వేషన్ల మీద కూడా పాట కట్టిన్రు. వాళ్ల వీడియోలు ఈ పిల్లలు చూసినరట. కీబోర్డు కొనాలన్న ఆశ దాన్నుంచే పుట్టింది. గిటారు కంటే ముందు వాళ్లు తమ పేట భాషను పట్టుకున్న సంగతి మాత్రం వీళ్ల కండ్లకు ఆనలే.

ఆడపిల్లల సంగతి. ఎనిమిది మందిలో ఒక్క ఆడపిల్లా లేదు. అడిగితే "రాత్రి బేరాలన్నా, తాగినోళ్లుంటరు" అన్నరు. కారణం నిజమే, దాంతో ముచ్చట ఒడవదు. బీహార్‌లో పట్నా దగ్గర రవిదాస్ కులపు ఆడవాళ్లు "నారీ గుంజన్ సర్గం" అని బ్యాండు కట్టి పెండ్లిళ్లకు కొడుతున్నరు. తమిళనాడు దిండిగల్‌లో "శక్తి" బృందంలో దళిత యువతులు పరై కొడుతున్నరు. మేం ఆ ఇంట్ల చాయ్ తాగుతున్నప్పుడు ఒకని చెల్లె స్టీలు పళ్లెం బోర్లించి రెండు చెంచాలతో అన్న కొట్టే దరువును అన్న కంటే మెల్లగా, అన్న కంటే శుద్ధంగా కొట్టింది. అది విని అందరూ నవ్విన్రు. ఆ పిల్ల నవ్వలే.

గద్దించిన పెద్దయ్య గురించి కూడా రాయాలె. లంద తెలిసినోళ్లలో ఆ వాడలో మిగిలింది ఆయనొక్కడే. సున్నంలో ఎన్ని దినాలు, తంగేడు చెక్కలో ఎన్ని దినాలు, డప్పుకు తోలు ఎట్ల ఎంచాలె, అన్నీ వేళ్ల మీద చెప్తడు. కంచ ఐలయ్య ఈ పనిని శాస్త్రమన్నడని మేం చెప్తే "శాస్త్రమైతే వాసనెందుకన్నరు బిడ్డా" అని అడిగిండు. దరువులన్నిటికీ ఆయన దగ్గర నోటి లెక్కలున్నయి, డప్పు లేకుండానే పెదాల మీద కొట్టి చూపెడతడు. మనుమలు వాటిల్ల నాలుగో అయిదో నేర్చుకున్నరు. మిగతావి మేం ఫోన్లో రికార్డు చేసుకున్నం.

ఇక్కడ మా తప్పు ఒకటుంది. ఆ రికార్డు మూడు నెలలు మా కాడనే ఉన్నది. సెమినార్‌లో వినిపించినం, వాడలో వినిపించలే. పాడే పిల్లగాడే ఫోను చేసి "అన్నా, తాతవి జెర పంపున్రి, ప్రాక్టీసు జేస్తం" అన్నంక గాని మాకు తట్టలే. పంపినం. బోనాలకు రమ్మన్నరు. రెండు తోలు డప్పులు కొత్తవి కట్టిస్తున్నరట, పెద్దయ్యే ఎంచిన తోలు. వానొస్తే మాత్రం ఫైబర్‌వే అన్నరు.