నోటిమాట, ఖాతా నిల్వ

"మైన్" అంటే కొన్నాను, "యువర్స్" అంటే అమ్మాను. లండన్‌లో విదేశీ కరెన్సీల డీలింగ్ రూముల్లో ఆ ఒక్క మాటతో బేరం కుదిరిపోయేది. కాగితాలు తర్వాత వచ్చేవి. అవతలివాడు కొంటాడో అమ్ముతాడో తెలియకుండానే డీలరు రెండు ధరలూ చెప్పాలి, చెప్పాక వాటికి కట్టుబడాలి. ఆ నిబ్బరమంటే నాకు గౌరవం. బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ (బీఐఎస్) సర్వే ప్రకారం 2022లో ప్రపంచ కరెన్సీ మార్కెట్ రోజువారీ వ్యాపారం సుమారు 7.5 లక్షల కోట్ల డాలర్లు.

కానీ బ్యాంకులో లిక్విడిటీ, అంటే చెల్లింపులకు చేతిలో ఉండే డబ్బు, చూసే మనిషంటే నాకు ఇంకా ఎక్కువ అభిమానం. పని సవ్యంగా సాగినన్నాళ్లూ ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. న్యూయార్క్‌లో తన బ్యాంకుకున్న నాస్ట్రో ఖాతాలో (పరదేశపు బ్యాంకులో ఆ దేశపు కరెన్సీలో ఉంచుకునే ఖాతాలో) డాలర్లు, టోక్యోలో యెన్లు. ఏ గంటకు ఎంత వస్తుంది, ఎంత చెల్లించాలి అన్నదే ఆయన ధ్యాస. లండన్ మేలుకునేసరికి టోక్యో సర్దుకుంటూ ఉంటుంది, కాబట్టి యెన్ల కొరతను ముందురోజే పసిగట్టాలి. డాలర్లు చాలకపోతే యూరోలిచ్చి స్వాప్‌లో తెచ్చుకుని, గడువునాటికి తిరిగిచ్చేస్తాడు. అవసరానికి మించి ఉంచితే వడ్డీ పోతుంది, తక్కువైతే బ్యాంకు మాటే పోతుంది.

ఈ గంటల తేడా ఎంత ప్రమాదమో ఒకసారి తెలిసొచ్చింది. 1974 జూన్ 26న జర్మనీలో కొలోన్‌లోని హెర్‌స్టాట్ బ్యాంకును మూసేశారు. కరెన్సీ బేరాల్లో దానికి రావాల్సిన జర్మన్ మార్కులు అప్పటికే ముట్టాయి. న్యూయార్క్‌లో ఇంకా ఉదయమే. బదులుగా అక్కడ అది ఇవ్వాల్సిన డాలర్లు ఆగిపోయాయి. ఆ ప్రమాదాన్ని తగ్గించే సీఎల్ఎస్ వ్యవస్థ 2002లో గానీ మొదలవలేదు. అందులో రెండు కరెన్సీలూ కలిసే చేతులు మారతాయి, లేదంటే రెండూ కదలవు. సీఎల్ఎస్‌లో సెటిలయ్యే కరెన్సీల్లో రూపాయి లేదు. బ్యాంకుల మధ్య డాలరు-రూపాయి లావాదేవీల సెటిల్‌మెంట్‌ను ముంబైలో క్లియరింగ్ కార్పొరేషన్ చూస్తోంది.