బ్రాకెట్లలో ఇరుక్కున్న మాట

ఐక్యరాజ్యసమితి తీర్మానాలను సాధారణంగా న్యాయవాదులూ దౌత్యవేత్తలూ చదువుతారు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి నేను వాటిని కూడా రచనల్లాగే చదువుతాను. ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, రాసి ఏం కొట్టేశారన్నదీ అంతే ముఖ్యం. స్త్రీల రాతలను చదువుతూ మనం నేర్చుకున్న పద్ధతే ఇది. అలా చదివినప్పుడు 'లైంగిక ధోరణి' అన్న ఒక్క మాట చుట్టూ ఎంత దౌత్యం నడిచిందో కనిపిస్తుంది.

1995 బీజింగ్ మహిళా సదస్సును మనం మన ఉద్యమాలకు మైలురాయిగా చెప్పుకుంటాం. అక్కడి కార్యాచరణ ముసాయిదాలో ఈ మాట ఉంది, కానీ బ్రాకెట్లలో. అంటే ఇంకా ఒప్పందం కుదరలేదని అర్థం. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన పలేసా బెవర్లీ డిట్సీ సభలో నిలబడి లెస్బియన్ల హక్కులు స్త్రీల హక్కులేనని గుర్తించమని అడిగింది. చివరికి బ్రాకెట్లతో పాటు మాట కూడా పోయింది. 2003లో మానవహక్కుల కమిషన్ ముందు బ్రెజిల్ ఒక తీర్మానం పెట్టింది. పాకిస్తాన్, ఈజిప్టు, సౌదీ అరేబియా తదితర దేశాలు ఆ మాట ఎక్కడుంటే అక్కడ తొలగించాలని సవరణలు తెచ్చాయి. తీర్మానం వాయిదా పడింది. తర్వాత బ్రెజిలే వెనక్కి తగ్గింది.

2010 నాటి సంగతి ఇంకా తీవ్రమైనది. అన్యాయపు హత్యలపై దర్యాప్తు జరపాలని ప్రభుత్వాలను కోరే తీర్మానంలోంచి ఆ మాటను నవంబరులో 79–70 ఓట్లతో తీసేశారు. డిసెంబరులో సర్వసభ్య సభ 93–55తో తిరిగి చేర్చింది. అక్కడ చర్చ పెళ్లి గురించి కాదు. చంపేసిన మనుషుల చావుకు కారణం అడగాలా వద్దా అన్నదాని గురించి.

ఈ వివక్షను పరిశీలించటానికి 2016 జూన్‌లో మానవహక్కుల మండలి 23–18 ఓట్లతో ఒక స్వతంత్ర నిపుణుణ్ణి ఏర్పాటు చేసింది. థాయిలాండ్‌కు చెందిన విటిట్ ముంటాబోర్న్ పని మొదలుపెట్టిన నెలలోనే ఆఫ్రికా దేశాల కూటమి ఆ పనిని నిలిపివేయించబోయింది. ఈ భావనకు అంతర్జాతీయ చట్టంలో ఆధారం లేదన్నది వారి వాదన. 84–77తో ఆ ప్రయత్నం వీగిపోయింది. ఆ వాదనను గమనించండి. ఏళ్ల తరబడి మాటను పత్రాల్లోకి రానివ్వరు. తర్వాత, పత్రాల్లో లేదు కాబట్టి దానికి ఆధారం లేదంటారు. స్త్రీలు సాహిత్య చరిత్రలో లేరు కాబట్టి రాయలేదన్న వాదన మనం వినలేదా?

ఒత్తిడి ఒకవైపు నుంచే రాలేదు. 2011లో బ్రిటన్ ఈ హక్కులకూ సహాయ నిధులకూ ముడిపెట్టబోతే, ఆఫ్రికా కార్యకర్తలే దాన్ని వ్యతిరేకించారు. నిధులు ఆగితే ఆ నింద తమవాళ్ల మీదే పడుతుందని వాళ్లకు తెలుసు.

ఇక మన దేశం. 2016లో భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. విషయం సుప్రీంకోర్టు ముందు ఉందని విదేశాంగ శాఖ చెప్పింది. 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్‌పై తీర్పు వచ్చింది. పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య ఉండే సంబంధం నేరం కాదని కోర్టు తేల్చింది. నిపుణుడి పదవీకాలం పొడిగింపుపై 2019లో, మళ్లీ 2022లో ఓటింగ్ జరిగితే భారత్ రెండుసార్లూ దూరంగానే ఉంది. చెప్పిన కారణం పోయింది, మౌనం మాత్రం మిగిలింది. దీన్ని తటస్థత అనటం నాకు ఒప్పుదల కాదు.

నిపుణుడు ఏ దేశానికి వెళ్లాలన్నా ఆ ప్రభుత్వం పిలవాలి. పిలవని దేశం 'ఇది మా ఆంతరంగిక వ్యవహారం' అంటుంది. ఈ వాక్యం మనకు కొత్త కాదు. భార్యను కొట్టే మగవాడు 'ఇది మా ఇంటి విషయం' అని తలుపు వేసుకోవటం మనం ఎన్ని కథల్లో రాశాం! గృహహింస విషయంలో ఆ తలుపు తెరిపించటానికి పోరాడినవాళ్లం, దేశం పేరుతో మూసిన తలుపు ముందు మర్యాదగా ఆగిపోలేం.

2025 జులైలో నిపుణుడి బాధ్యతను మరో మూడేళ్లు పొడిగించారు. మళ్లీ 2028లో చర్చకు వస్తుంది. 2026–28 కాలానికి భారత్ మండలికి ఎన్నికైంది కాబట్టి అప్పుడు మన ప్రతినిధి ఆ గదిలో ఉంటారు. ఆయనో ఆమో ఏం చెప్పాలో ఇప్పటినుంచే అడగాల్సిన వాళ్లలో మనం కూడా ఉన్నాం.