బల్ల దగ్గరికి వచ్చే ముందు

ప్రభు భోజనంలో రొట్టె, ద్రాక్షారసం పంచడానికి ముందు దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) చర్చిల్లో ఒక చిన్న పని జరగాలి: ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, ఇచ్చుకోవడం. 1947లో ఏర్పడిన ఆ సంఘం 1950లో రూపొందించుకున్న ఆరాధన క్రమం దాన్ని నిర్దిష్టంగా చెబుతుంది. సమాధానం ఇచ్చేవారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు. తర్వాత ఒక్కొక్కరు తమ ఎడమచేత్తో ఎదుటివారి కుడిచేతిని మూస్తారు. బల్ల దగ్గర మొదలైన ఆ స్పర్శ చేతి నుంచి చేతికి వరుసలన్నీ దాటి చివరి బెంచీ దాకా పోవాలి. ఈ పద్ధతిని సీఎస్ఐ పెద్దలు కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్నారు. తర్వాత వీళ్లను చూసి పడమటి దేశాల సంఘాలు కూడా ఆరాధనలో దీనికి మళ్లీ చోటిచ్చాయి. మంచిర్యాల ప్రాంతంలో దీనికి మరో విశేషం ఉంది. లక్షెట్టిపేట లాంటి చోట్ల సీఎస్ఐ ద్వారా వచ్చిన ఈ ఆచారమే కేరళ నుంచి నేరుగా కూడా వచ్చింది. 1999లో చాందా నుంచి విడదీసి మంచిర్యాల కేంద్రంగా ఏర్పాటు చేసిన ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబార్ క్యాథలిక్ సంప్రదాయానికి చెందినది. ఆ పూజలో కూడా బలి అర్పణకు ముందే శాంతి ఇచ్చిపుచ్చుకుంటారు. రెండు దారుల్లో వచ్చిన సంఘాలు ఒకే ప్రాంతంలో ఒకే పని చేస్తున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల ఇది పక్కవాళ్లకు పెట్టే నమస్కారంగా మిగిలిపోయినా, క్రైస్తవంలో క్షమాపణ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించదు.

కోపం చల్లారాక క్షమిస్తామని మామూలుగా అందరం అనుకుంటాం. ఈ సంప్రదాయం చల్లారేదాకా ఆగమని చెప్పదు. దానికి ఒక పని, ఒక గడువు పెడుతుంది. బల్ల వేసే ఆదివారమే ఆ గడువు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు మాట ప్రకారం, కానుక అర్పించబోతున్నప్పుడు నీ వల్ల నొచ్చుకున్న మనిషి గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లాలి. అదే సువార్త 18వ అధ్యాయంలో మాట తిరగబడుతుంది: నిన్ను నొప్పించినవాడి దగ్గరికి నువ్వే వెళ్లాలి. తప్పు చేసినవాణ్నీ కదలమన్నాడు, తప్పుకు గురైనవాణ్నీ కదలమన్నాడు. అంటే ఎవరు ముందు తగ్గాలి అన్న పట్టింపుకు చోటే లేదు. వెళ్లే తీరుకు కూడా వరుస ఉంది. మొదట ఒంటరిగా వెళ్లి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టాలి. మన ఊళ్లలో గెట్టు పంచాయితీ అయినా, పాలోళ్ల మధ్య భూమి తగాదా అయినా నడిచే తీరు దీనికి ఎదురు. ముందు పెద్దమనుషులు కూర్చుంటారు, ఊరంతా వింటుంది, ఆ తర్వాత ఎంత సర్దుబాటు జరిగినా నలుగురిలో తలవంచానన్న మంట మాత్రం పోదు. ఎదుటివాడి పరువు కాపాడుతూ మొదలుపెట్టడమే ఈ పద్ధతిలో అసలు తెలివి. నలుగురిలో ఒప్పుకోలేని తప్పును నలుగురు లేనిచోట ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

తప్పు చేసినవాడి వైపు నుంచి చూస్తే క్యాథలిక్కుల పాపసంకీర్తనం మరింత కచ్చితమైన ఏర్పాటు. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా అది తప్పదని నిర్ణయించింది. ముందు ఆత్మశోధన చేసుకోవాలి, పశ్చాత్తాపపడాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి. తర్వాత గురువు దగ్గర మోకరించి నోటితో చెప్పాలి. ఆయన విధించిన ప్రాయశ్చిత్తం చేయాలి. నేను పాపిని అంటే చాలదు. ఏం చేశాడో చెప్పాలి. దొంగిలించినవాడు సొమ్ము తిరిగి ఇవ్వడానికి సిద్ధపడకుండా పాపవిమోచనం అడగడానికి లేదు. గురువు మాత్రం విన్నది చచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు. ఈ రహస్యం, ఆ నష్టపరిహారం రెండూ ఉంటేనే ఒప్పుకోలుకు విలువ. లూకా సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని లేచి నిలబడి చెప్పాడు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో అందరూ కలిసి చదివే ఒప్పుకోలు ప్రార్థన ఉంది. అందులో అందరి పాపమూ ఉంటుంది కాబట్టి ఎవరి పాపమూ ప్రత్యేకంగా కనిపించదు. ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకోమని యాకోబు పత్రిక చెబుతున్నా ఆ పనిని గురువుల వ్యవస్థతో పాటే వదిలేసుకోవడం ప్రొటెస్టెంట్లకు నిజమైన నష్టమని నా అభిప్రాయం.

ఇక ఆదరణ సంగతి. తెలుగు క్రైస్తవుల ఇంట్లో ఎవరైనా పోతే భూస్థాపన అయ్యాక కొద్దిరోజులకు ఆదరణ కూడిక పెడతారు. ఇంటి ముందు షామియానా వేస్తారు, బల్ల మీద పోయినవారి ఫొటో పెడతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, పాస్టరు గారు మాట్లాడతారు, తెలిసినవాళ్లు లేచి పోయినవారి గురించి రెండు మాటలు చెబుతారు. తర్వాత అందరికీ భోజనం. దుఃఖం ఎందుకొచ్చిందో వివరించే ప్రయత్నం ఇందులో తక్కువే. మంచి కూడికల్లో అసలు ఉండదు. దేవుడు తమను ఓదార్చిన తీరునే ఇతరులను ఓదార్చాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో పౌలు అన్న మాట ఈ షామియానా కింద ఆచరణలోకి వస్తుంది. నిరుడు భర్తను పోగొట్టుకున్నామె ఈరోజు భర్త పోయినామె పక్కన వచ్చి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ రోజు ఒకే పంక్తిలో తినాల్సి వస్తుంది. మన దగ్గర ఒక ఇంట్లో అన్నం ముట్టడమంటే ఆ ఇంటితో పగ లేదనడమే. ఆదరణ, క్షమ వేర్వేరు సుగుణాలన్నట్టు బోధిస్తుంటారు గానీ ఆచరణలో రెండింటికీ వేదిక ఒక్కటే. మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావడం, కలిసి తినడం.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. క్షమించమనే బోధ ఎప్పుడూ బలహీనులకే వినిపిస్తుందని, దానివల్ల బలవంతులు తప్పించుకుంటారని. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధిత కుటుంబాల్లో క్రైస్తవులున్నారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని పోరాడితే 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లి క్షమించండి అని చెప్పే హక్కు ఎవరికైనా ఉందా? లేదు. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీని ఓర్చుకోమని తిరిగి పంపే పాస్టరుకు కూడా లేదు. అలా చెప్పినవాళ్లు ఈ సంప్రదాయాన్ని సగమే చదివారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను జీపులో సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పింది. అయినా కేసు ఆగలేదు. ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆమె క్షమించడానికి అవతలివాడి పశ్చాత్తాపం అవసరం కాలేదు, రాజ్యం శిక్షించడానికి ఆమె కోపం అవసరం కాలేదు. 1995లో ఇండోర్ దగ్గర హత్యకు గురైన సిస్టర్ రాణి మరియ విషయంలో కథ ఇంకో మెట్టు ఎక్కింది. హంతకుడు జైల్లో పశ్చాత్తాపపడ్డాడు. 2002లో ఆమె చెల్లెలు సెల్మీ పాల్, తనూ సన్యాసినే, జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టింది. క్షమించడం ఒక్కరితోనే అవుతుంది. మళ్లీ కలవడానికి ఇద్దరు కావాలి, అందులో తప్పు చేసినవాడు మారి ఉండాలి. మత్తయి 18వ అధ్యాయంలోని మెట్ల వరుస చివర, ఎంత చెప్పినా విననివాణ్ని బయటివాడిగా చూడమనడం కూడా ఉందని బోధకులు తరచూ మరచిపోతారు.

ఇదంతా చివరికి తంతుగా మారిపోదా అన్నది రెండో అభ్యంతరం. మారుతుంది, మారింది కూడా. కానీ మనసు రాకముందే చేయి చాపించడం కోసమే ఈ తంతు పుట్టింది. చేయి చాపిన కొందరికైనా మనసు తర్వాత వస్తుంది. ఏడు డెబ్బైలసార్లు క్షమించమన్న యేసుకు ఒకసారితో మనసు లొంగదని తెలుసు. ఈ తంతుకు మళ్లీ ప్రాణం పోయడానికి చేయగలిగింది ఒకటుంది. పాత ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలో, ప్రభు భోజనం ఫలానా రోజు అని గురువు ముందుగానే హెచ్చరించి, ఎవరితోనైనా విరోధం ఉంటే సరిచేసుకుని రమ్మని చెప్పే ఏర్పాటు ఉంది. నెలకోసారి బల్ల వేసే మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి సంఘాలు ఆ ప్రకటనను ముందటి ఆదివారానికి తిరిగి తెచ్చుకోవచ్చు. మధ్యలో వారం రోజులుంటాయి. సింగరేణి కాలనీలో పక్క క్వార్టర్ తలుపు తట్టడానికి, పొలం గట్టు దాటి అన్న ఇంటికి వెళ్లిరావడానికి అంతకంటే ఎక్కువ సమయం అక్కర్లేదు.