పుట్టింటి ప్రయాణానికి సామాను

అక్రాలో కాపురం ఉంటున్నందుకు నాకో పని అంటుకుంది. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ నుంచి ఘనా చూడవచ్చే వాళ్ళకు ఏం సర్దుకోవాలో, ఏం మానుకోవాలో చెప్పడం. యూరప్ టూరిస్టుతో తంటా లేదు, అన్నిటికీ భయపడతాడు. వీళ్ళు పుట్టింటికి వస్తున్నట్టు వస్తారు. పుట్టింటికి మందులు మోసుకెళ్ళేదెవరు?

అందుకే ముందు దోమల సంగతి ఎత్తుతాను. ‘మా పూర్వీకులు ఇక్కడివాళ్ళే, మా ఒళ్ళు తట్టుకుంటుంది’ అంటారు. తట్టుకోదు. మలేరియా లేని దీవిలో పెరిగిన ఒంటికి ఇక్కడివాళ్ళకుండే కాస్తపాటి రక్షణ కూడా ఉండదు. మాత్రలు బయల్దేరక ముందే మొదలుపెట్టాలి, తిరిగెళ్ళాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు మింగాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే పడాలి, ఆ కార్డు పాస్‌పోర్టుతోనే ఉండాలి.

జమైకాలో కరెంటు 110 వోల్టులు, ఇక్కడ 230. ప్లగ్గు మార్చుకుంటే చాలనుకున్నవాళ్ళ హెయిర్ డ్రయ్యర్లు పొగలు కక్కుతాయి. ఘనా 1974లోనే కుడి పక్క ట్రాఫిక్‌కు మారింది కనుక, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి. ఎడమ చేత్తో డబ్బివ్వకూడదు. తెలుగువాణ్ణి కనుక ఈ ముక్క నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. బజార్లో బేరం తప్పదు. ఒంటి రంగు చూసి ధర తగ్గించరు, నోరు విప్పగానే యాస పట్టిచ్చేస్తుంది.

కష్టమల్లా కేప్ కోస్ట్ కోట గురించి చెప్పడమే. పొద్దున అక్రాలో బయల్దేరి, నేలమాళిగలు చూసి, పక్కనున్న ఎల్మినా కోట కూడా ముగించి, రాత్రి విందుకు తిరిగొచ్చేలా ప్లాన్లు వేస్తారు. వద్దంటాను. బానిసల్ని ఓడలెక్కించిన గుమ్మం ముందు వాళ్ళ మునిమనవలు గంటసేపు నిలబడి వెళ్ళిపోలేరు, ఆ రాత్రి విందూ సహించదు. అక్కడే పడుకుని మర్నాడు అసిన్ మాన్సో వెళ్ళమంటాను. కోటలకు నడిపించే ముందు బందీలకు ఆఖరి స్నానం చేయించిన ఏరు అక్కడుంది. 1998లో జమైకా నుంచి ఒక బానిస స్త్రీ అస్థికలను తెచ్చి, ఆ గుమ్మంలోంచే వెనక్కి తీసుకొచ్చి, అసిన్ మాన్సోలో పూడ్చారు. నాకు తారసపడ్డ జమైకన్లలో చాలామందికి ఈ సమాధి సంగతి తెలీదు.

కింగ్‌స్టన్‌లోనో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనో మీకు స్నేహితులుంటే, ఆగస్టు 1 కలిసొచ్చేలా రమ్మనండి. దీవుల్లో బానిసత్వం రద్దయిన ఆ రోజును ఘనా కూడా 1998 నుంచి జరుపుకుంటోంది. ఆ నెలలో ఈ తీరాన వానలూ కాస్త తెరిపిస్తాయి.