బిట్లను దారిలో పెట్టే పని

తెర మీద బొమ్మ చకచకా కదిలితే చిప్‌ను మెచ్చుకుంటాం. ఆ చిప్‌ను నడిపే డ్రైవర్‌లో బిట్ల నిర్వచనాలు సరిదిద్దేవారిని తలచేదెవరు?

లినక్స్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 డ్రైవర్‌నే చూడండి. చిప్‌లోని అమరికలను అది చాలావరకు 32 బిట్ల రిజిస్టర్ల ద్వారా మారుస్తుంది. ఒక్కో రిజిస్టర్‌లో కొన్ని బిట్లు ఒక పనికి, కొన్ని మరో పనికి; అలాంటి ఒక్కో గుంపే ఒక ఫీల్డ్. ఏళ్ల తరబడి ఎందరో రాసిన కోడ్ కదా, ఒకచోట ఆ బిట్లను గుర్తించే మాస్క్ తన స్థానంలోనే ఉంటుంది. మరోచోట షిఫ్ట్ చేశాకే, అంటే పక్కకు జరిపాకే, అక్కడికి చేరుతుంది. ఒకదాన్ని మరొకటనుకుంటే పక్క బిట్లు పాడవుతాయి. కంపైలర్ మాత్రం నోరు మెదపదు.

ఈ చిక్కును విప్పే తీరు ముచ్చటైనది. రెగ్-జెన్‌మాస్క్ అనే మాక్రోతో ఫీల్డ్ హద్దులు ఒక్కసారి చెబుతారు. రెగ్-ఫీల్డ్-ప్రెప్ అనే మరో మాక్రో విలువను దాని చోట కూర్చుతుంది. స్థిర విలువ ఆ ఫీల్డ్‌లో పట్టకపోతే కంపైల్ దశలోనే ఆపేస్తుంది. విడిగా రాసుకున్న షిఫ్ట్ అంకెలతో పనే ఉండదు. హద్దులు మాన్యువల్‌లో ఉన్న వరుసలోనే కనిపిస్తాయి కనుక సరిచూడటమూ తేలికే.

పాత నిర్వచనాలను ఇలా తిరగరాశాక చిప్‌కు వెళ్లే విలువ ఒక్క బిట్టయినా మారకూడదు. ఏమీ మారలేదని నిరూపించుకుంటూ అన్నిటినీ మెరుగుపరచడం అసలైన పనితనం.