పితూరీ శబ్ద విచారము

బందరు నామమే పారసీకమున రేవునకు వాచకము. ఆ సీమలో "పితూరీ" యనఁగా చాడి. మన్యమున నదియే తిరుగుబాటు. కల్లుపన్నుపై 1879లో రేఁగిన రంప పితూరీయు, అటవీనిర్బంధములపై 1922-24లలో అల్లూరి సీతారామరాజు నడపిన పోరును ఇందులకు సాక్ష్యములు.

అరబ్బీ "ఫుతూర్"నకు సడలుట యర్థము. హిందూస్తానీలో అది కలఁత యయ్యెను. తెలుఁగున ఫకారము పకారమయ్యెను. కట్టు సడలెనని తలంచువాఁడు పాలకుఁడు. కావున నీ పేరు వాని నోటిమాట. పాలకుని చెవిని జేరు నేరారోపణమునుండి చాడి యను నర్థము పుట్టెనని యూహింపవచ్చును.

తురుష్కభాషలో "హైదుత్" దోపిడికాఁడు. సెర్బియా, బల్గేరియాల జానపదగేయములలో తత్సంబంధి పదమే వీరవాచకము. పదమొక్కటే, పలుకువాని పక్షము వేఱు. నిఘంటువులో "కుట్ర" యని మాత్రమే వ్రాసినచో నొక పక్షమే మిగులును. మన్యపుటర్థమును, డెల్టాయర్థమును ప్రయోగస్థానములతోఁ జూపుటయే న్యాయము.