పొత్తు కుదిర్చే జిగురు

మిర్చి తోటకు డ్రిప్పు వేయించుకున్న రైతు పని కాసేపు గమనించండి. బోరు దగ్గరి నుంచి వచ్చే బూడిదరంగు పీవీసీ పైపులను అతకడానికి ఆయన చిన్న డబ్బాలో దొరికే సొల్యూషన్ పూస్తాడు. సాళ్ల వెంట పరిచే సన్నటి నల్ల పైపుల దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బా మూత తీయనే తీయడు. అక్కడ జాయినర్లు, రబ్బరు గ్రోమెట్లే గతి. రెండూ ప్లాస్టిక్కే. ఒకటి జిగురుకు లొంగుతుంది, ఇంకొకటి లొంగదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇది పనితో పాటే ఒంటబట్టిన సంగతి. చెక్కనూ ప్లాస్టిక్కునూ కలిపి మోడల్ పడవ కట్టాలనుకునే కుర్రాడికి కావలసిన విద్యలో సగం ఇదే.

అలాంటి పడవలు కట్టేవాళ్లు మన మధ్య లేకపోలేదు. ఎన్‌సీసీ నేవల్ వింగ్ కేడెట్లకు అఖిల భారత నౌసైనిక్ శిబిరంలో షిప్ మోడలింగ్ ఒక పోటీ అంశం. బడిలో సైన్స్ ఫెయిర్ అంటే మోటారు పడవ చేసే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. పడవ అడుగు, పక్కలు ప్లైవుడ్డుతోనో, ఏదైనా తేలికపాటి చెక్కతోనో చేస్తారు. పైన గదికి సన్‌బోర్డు, కిటికీలకు యాక్రిలిక్ షీటు, మోటారు ఇరుసు తిరగడానికి ప్లాస్టిక్ గొట్టం, చివర ప్లాస్టిక్ పంకా. చెక్కకు చెక్క అతకడం తేలిక. చెక్కకు ప్లాస్టిక్కు ఆనుకునే ఆ నాలుగైదు చోట్లే పడవ బతుకు తేలేది.

అయితే కొట్టుకు వెళ్లి అడిగేది మాత్రం ఒకటే మాట: “బాగా స్ట్రాంగుగా ఉండే గమ్ము ఇవ్వండి.” కొట్టాయన తన దగ్గరున్న వాటిలో ఖరీదైనది ఇస్తాడు. అది ఏ ప్లాస్టిక్కు అని ఆయనా అడగడు, వీళ్లూ చెప్పరు. అక్కడే పని చెడుతుంది.

ప్లాస్టిక్కును పోల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చాలా వస్తువుల అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 2, 4 పాలిథిలిన్ రకాలు, 5 పాలిప్రొపిలిన్, 3 పీవీసీ, 6 పాలిస్టైరిన్. అంకె లేకపోతే చిన్న ముక్క కోసి, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపిన బకెట్టులో వేసి ముంచి వదలాలి. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ నీళ్లకన్నా తేలిక కాబట్టి పైకి తేలతాయి. పీవీసీ, యాక్రిలిక్, గట్టి పాలిస్టైరిన్ మునుగుతాయి. సన్‌బోర్డు, థర్మోకోల్ వంటి నురగ సరుకుకు మాత్రం ఈ పరీక్ష చెల్లదు, లోపలి గాలి వాటిని ఎలాగూ తేలుస్తుంది. తేలిన ముక్కకు మామూలు జిగురేదీ పట్టదని అనుకోవచ్చు. డ్రిప్పు పైపు, మిర్చి కల్లంలో పరిచే పట్టా, మందు డబ్బా అన్నీ ఆ కుటుంబానివే. వాటి మీద నీటిచుక్క పరుచుకోకుండా పూసలా నిలబడుతుంది. జిగురూ అంతే. పరుచుకోని జిగురు పట్టదు.

అలాంటి ప్లాస్టిక్కును పడవలో వాడక తప్పకపోతే జిగురు మాట మరిచిపోవడమే మేలు. చిన్న స్క్రూలు, రివెట్లు, కేబుల్ టైలు ఉన్నాయి. వాడరేవు, సూర్యలంక తీరాల్లో జాలర్లు తరతరాలుగా తెప్పలను దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టారు. అలల దెబ్బకు దుంగలు కొద్దిగా కదిలినా తెప్ప విచ్చిపోలేదు. కట్టు కూడా అతుకే. దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇక పట్టే ప్లాస్టిక్కుల సంగతి. పైపుల సొల్యూషన్ నిజానికి జిగురు కాదు. అది పీవీసీ పైపొరను కరిగిస్తుంది. కరిగిన రెండు పొరలు కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతాయి. సన్‌బోర్డు కూడా పీవీసీ నురగే కాబట్టి దాన్ని దానికే అతకడానికి ఇది బాగా పనికొస్తుంది, పలచగా పూస్తే. చెక్క మాత్రం ఆ ద్రావకంలో కరగదు. అందుకే పైపు ముక్కను చెక్కకు సొల్యూషన్‌తో అతికిస్తే చూడ్డానికి అతికినట్టే ఉండి, నీళ్లలో రెండు చక్కర్లు కొట్టేసరికి ఊడొస్తుంది.

తెల్ల ఫెవికాల్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. వడ్రంగులు ప్లైవుడ్డుకు సన్‌మైకా అతికించేది ఫెవికాల్‌తోనే కదా, మరి మిగతా ప్లాస్టిక్కుకు ఎందుకు పట్టదని అడుగుతారు. సన్‌మైకా వెనకవైపు తడిమి చూడండి. గరుకుగా ఉంటుంది, అది రెజిన్‌లో నానిన కాగితం పొర. 1959లో మార్కెట్లోకి వచ్చిన ఫెవికాల్, పశువుల చర్మాలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురును రోజూ కాచుకునే బాధ నుంచి వడ్రంగులను తప్పించింది. కానీ దానిలో ఉండేది నీళ్లలో కలిసిన పాలీవినైల్ ఎసిటేట్. ఆ నీటిని చెక్క పీల్చుకుంటేనే అది గట్టిపడుతుంది. నున్నటి ప్లాస్టిక్కు ఒక్క చుక్క కూడా పీల్చదు. పైగా మామూలు తెల్ల ఫెవికాల్ ఎక్కువసేపు నీళ్లలో నానితే మళ్లీ మెత్తబడుతుంది. నీటిని తట్టుకునే మెరైన్ రకం వేరే ఉంది, చెక్కకు చెక్క అతకడానికి అది చాలు.

చెక్కకూ ప్లాస్టిక్కుకూ కలిపి ఒక్కటే కొనాలంటే ఎపాక్సీ కొనాలి. మన ఊళ్లలో దాన్ని ఆరాల్డైట్ అనే అంటారు. స్విట్జర్లాండు కంపెనీ సీబా ఆ పేరుతో 1946లో తెచ్చిన సరుకు అది. రెజిన్, హార్డెనర్ అని రెండు ట్యూబులు. కలిపాక ఏదీ ఆవిరైపోనక్కర్లేదు, ఏ వైపూ పీల్చుకోనక్కర్లేదు, రసాయన చర్యతో తనంతట తానే గట్టిపడుతుంది. ప్లాస్టిక్కు నున్నగా ఉండకుండా గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి పూయాలి. ఫెవికాల్‌కు అలవాటుపడ్డ చెయ్యి గట్టిగా బిగించాలని చూస్తుంది, ఇక్కడ అది చేటు. మరీ నొక్కితే జిగురంతా పక్కలకు కారిపోయి మధ్యలో ఏమీ మిగలదు. మన ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి. సుమారుగా ప్రతి 10 డిగ్రీల వేడికి ఎపాక్సీ గట్టిపడే సమయం సగానికి పడిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కప్పునిండా కలిపితే పూసేలోపే ముద్ద కడుతుంది. పొద్దున్నే, కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

మూలల్లో సందు పూడ్చడానికి ఆ ఎపాక్సీలోనే సన్నటి రంపపు పొట్టు కలుపుతారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గూజియన్ సోదరులు 1969లో మొదలుపెట్టి చెక్క పడవలకు ఎపాక్సీ పట్టించే పద్ధతిని ప్రపంచమంతా పాకించారు. రెజిన్‌లో పొడి కలిపి మూలలు నింపడం అందులో ముఖ్యమైన పని. కృష్ణ అవతలి ఒడ్డున కొండపల్లి కళాకారులకు అందులో కొత్తదనం కనబడదు. తెల్లపొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన చేతులూ తలలూ వాళ్లు అతికించేది మక్కుతో. మక్కు అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అతుకూ పడుతుంది, సందూ పూడుతుంది, ఆరాక చెక్కతో పాటే నునుపు తేలుతుంది. బొమ్మల కొలువులో పెట్టే పడవకు ఈనాటికీ అంతకన్నా మంచి సరుకు లేదు. నీళ్లలో తిరిగే పడవకు మాత్రం పనికిరాదు.

నిజాంపట్నం, వాడరేవుల్లో ఫైబర్ బోట్లు బాగుచేసే చోట దొరికే రెజిన్ మీద కొందరికి ఆశ ఉంటుంది. అది సాధారణంగా పాలిస్టర్ రెజిన్. ఫైబర్‌కు దివ్యంగా పడుతుంది, చెక్కను ఎపాక్సీ అంతగా పట్టుకోదు. థర్మోకోల్ మీద పడితే తినేస్తుంది.

ఫెవిక్విక్ లాంటి సైనోయాక్రిలేట్ జిగుర్ల మాట తప్పక చెప్పాలి, ఎందుకంటే పిల్లలు మొదట చెయ్యి చాపేది వాటికే. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్ పరిశోధకుడు హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురికి పారదర్శకమైన ప్లాస్టిక్కు కోసం వెతుకుతుంటే ఈ పదార్థం తగిలింది. జిగురుగా మార్కెట్లోకి వచ్చింది 1958లో. గాలిలోని తేమతోనే క్షణాల్లో బిగుస్తుంది. ముక్కలను తాత్కాలికంగా నిలబెట్టడానికి దీన్ని మించింది లేదు. కానీ పెళుసు, దెబ్బకు చిట్లుతుంది. పత్తి పండే నేల మీద ఇంకో హెచ్చరిక: ఈ జిగురు పత్తి మీద, నూలు బట్ట మీద ఒలికితే చర్య వేగంగా జరిగి విపరీతంగా వేడెక్కుతుంది, పొగలు వస్తాయి, చర్మం కాలుతుంది. నూలు గ్లవ్సు వేసుకుని దీన్ని ముట్టుకోకూడదు. పాత బనీను ముక్కతో తుడవకూడదు.

పెళుసుతనం పడవకు ఎందుకంత ముప్పో చిన్న లెక్క చెబుతుంది. 60 సెంటీమీటర్ల పీవీసీ పట్టీ 20 డిగ్రీల వేడి తేడాకు సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవు చెక్క, నార వెంట, దానిలో పదో వంతు కూడా సాగదు. ఎండలో పెట్టిన పడవను తెచ్చి కాలువ నీళ్లలో దించిన క్షణాన ఈ రెండూ చెరోవైపు లాగుతాయి. చెక్క మళ్లీ తేమకు అడ్డంగా ఉబ్బుతుంది. మధ్యలో నలిగేది అతుకే. అందుకే పొడవాటి పట్టీలకు కాస్త సాగే రబ్బరు జిగురు గానీ, రంధ్రాలు కొంచెం వదులుగా వేసిన స్క్రూలు గానీ నయం. ఎపాక్సీని పొట్టి అతుకులకు, ఇరుసు గొట్టం లాంటి చోట్లకు దాచుకోవాలి.

వాతావరణం అతుకును ఎలా పరీక్షిస్తుందో పెద్ద యంత్రాలకే అనుభవమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో చెక్కతో, జిగురుతో కట్టిన బ్రిటిష్ మస్కిటో విమానాలు 1944లో మన దేశంలో కొన్ని కూలిపోతే, మిగతా వాటిని ఎగరనివ్వకుండా నిలిపి రెక్కలు పరిశీలించారు. అతుకుల్లో లోపాలు బయటపడ్డాయి. మెరైన్ ప్లైవుడ్డు పొరలను పట్టి ఉంచే జిగురుకు ఇవాళ 72 గంటలు మరిగే నీళ్లలో పరీక్ష పెడుతున్నారు. మోడల్ పడవకు అంత అక్కర్లేదు. అదే చెక్క ముక్కకు అదే ప్లాస్టిక్కు ముక్క అతికించి, ఒక రోజు ఆరబెట్టి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు చేత్తో విరిచి చూస్తే చాలు. చెక్క చీలితే జిగురు గెలిచినట్టు. ప్లాస్టిక్కు నున్నగా ఊడొస్తే ఆ జిగురు పక్కన పెట్టాల్సిందే.

ఈ పరీక్షను సైన్స్ మాస్టార్లు తరగతిలో చేయిస్తే బాగుంటుంది. ఖర్చు ఒక బకెట్టు, నాలుగు ముక్కలు, ఒక ట్యూబు. ఎపాక్సీ కలిపేటప్పుడు చేతులకు ప్లాస్టిక్ గ్లవ్సు తొడిగించండి, కిటికీలు తెరిపించండి. ఫెవిక్విక్‌ను చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. కొట్టుకు పంపేటప్పుడు జేబులో ఆ ప్లాస్టిక్కు ముక్కను కూడా పెట్టి పంపండి.